ఆరోగ్యం కబుర్లు: బండి తోస్తే రాని నొప్పి

కిందటి నెల మోకాళ్ళ గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకటి ఎష్‌బోర్న్‌లో ఉంటున్న ఒక సోదరిది. ఆవిడ ప్రశ్న మోకాళ్ళది కాదు, నడుముది. పేర్లు లేకుండా సంగతి వేసుకోవచ్చునని ఒప్పుకున్నారు గనుక దానితోనే మొదలుపెడతాను.

ఆవిడ అత్తగారు నల్లగొండ జిల్లా నుంచి వచ్చారు. వయసు 68. మనుమణ్ణి బండిలో కూచోబెట్టి తోసుకుంటూ రోజూ పొద్దున్నే గంటసేపు తిరిగి వస్తారు, అలసట లేదు. అదే మనిషి ఖాళీ చేతులతో ఎస్-బాన్ స్టేషను దాకా నడవమంటే రెండు వందల మీటర్లు పోయేసరికి కాళ్ళు బరువెక్కి, పిక్కలు గుంజి, ఎక్కడ అరుగు దొరికితే అక్కడ కూలబడతారు. అయిదు నిమిషాలు కూచుంటే మళ్ళీ మామూలే. "బండి ఉంటే నడుస్తావు, లేకుంటే నడవవు, ఇదేం నొప్పమ్మా?" అని కొడుకే విసుక్కున్నాడట. "అత్తమ్మకు ఇక్కడ మనసు పట్టడం లేదు, ఊరికి పోవడానికి వంక వెతుకుతోంది అని నేనూ అనుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది" అని ఆ సోదరి రాశారు.

సిగ్గుపడవలసిన పనేమీ లేదు. ఈ జబ్బు చూసేవాళ్ళకు నటనలాగే కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య నాడులు పోయే సొరంగం వయసుతో ఇరుకవుతుంది. ముందునుంచి డిస్కు ఉబ్బుతుంది, పక్కలనుంచి కీళ్ళు లావెక్కుతాయి, వెనకనుంచి పసుప్పచ్చటి లిగమెంటు మందమై లోపలికి మడతపడుతుంది. నిటారుగా నిలబడితే ఆ మడత ఇంకా లోపలికి వస్తుంది, సొరంగం మరింత ఇరుకవుతుంది. ముందుకు వంగితే లిగమెంటు సాగి సొరంగం కాస్త తెరుచుకుంటుంది. అందుకే ఈ జబ్బున్న ఆడవారు వంగి ముగ్గు పెట్టగలరు, కింద కూచుని బియ్యంలో రాళ్ళు ఏరగలరు, పొయ్యి దగ్గర నిలబడి నాలుగు దోసెలు వెయ్యలేరు. తిరుమల క్యూలో పావుగంట నిలబడలేరు. మైన్-టౌనుస్-త్సెంట్రుమ్‌లో సామాను బండి మీద ఒరిగి ఎంతసేపైనా తిరుగుతారు. పిల్లవాడి బండి చేసిన సాయమూ ఇదే. పిడి పట్టుకున్నప్పుడు ఆవిడ నడుము కొద్దిగా ముందుకు వంగింది, అంతే.

జర్మనులు దీన్ని ష్పినాల్‌కనాల్‌స్టెనోజె అంటారు. షౌఫెన్‌స్టర్‌క్రాంక్‌హైట్, అనగా దుకాణాల అద్దాల ముందు ఆగి ఆగి నడిచే జబ్బు, అనేది వేరు. అది కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది. అందులో ఊరికే నిలబడినా నొప్పి తగ్గుతుంది. నాడుల ఇరుకులో నిలబడితే తగ్గదు, కూచోవాలి, లేదా వంగాలి. సైకిలు తొక్కించి చూడడం పాతకాలం పరీక్ష. ముందుకు వంగి తొక్కితే నాడుల రోగికి బాధ ఉండదు, రక్తనాళాల రోగికి పిక్కలు పట్టేస్తాయి. ఏటా మే 1న ఎష్‌బోర్న్ నుంచి బయలుదేరే సైకిలు పందెం చూస్తూ ఈ సంగతి గుర్తుచేసుకోవచ్చు. సైకిలు మీద వాళ్ళు వంగినట్టు వంగితే మన అత్తగారు కూడా చాలా దూరం పోతారు. ఆ సొరంగపు ఇరుకును ఒక జబ్బుగా విడదీసి స్పష్టంగా వర్ణించినది పొరుగునే ఉన్న హాలండులో, ఉట్రెఖ్ట్ నగరపు న్యూరోసర్జన్ హెంక్ ఫెర్బీస్ట్. 1954లో ఆయన రాసిన వ్యాసంతోనే వైద్యలోకం దీన్ని గట్టిగా పట్టించుకుంది.

ఇక ఉత్తరంలోని అసలు చిక్కు. ఇక్కడికి రాకముందే హైదరాబాదులో ఒక డాక్టరు స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసలు కలిపేద్దాం, అదీ చిన్న కోతతోనే అన్నారు. ఇంకొకరు కుట్టు కూడా అక్కర్లేదు, ఎండోస్కోపు అన్నారు. ఎం.ఆర్.ఐ. డిస్కు పట్టుకుని ఇక్కడికి వచ్చాక కొడుకు సొంత డబ్బు కట్టి ఒక జర్మను డాక్టరుకు చూపిస్తే, మైక్రోస్కోపుతో నాడుల దగ్గర జాగా చేస్తే చాలు, స్క్రూలు వద్దు అన్నారు. అమెరికాలోని ఆడబిడ్డ మైల్డ్ అనే పద్ధతి ఉంది, సూదితోనే అయిపోతుంది అని ఫోనులో చెప్పింది. ముగ్గురు డాక్టర్లు, ఒక ఆడబిడ్డ, నాలుగు మాటలు. "అన్నీ చిన్న కోతే అంటున్నారు గదా, ఏది మంచిది?" అని అడిగారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కోత ఎంత అన్నది రెండో ప్రశ్న. లోపల ఏం తీస్తున్నారు, ఏం బిగిస్తున్నారు అన్నది మొదటి ప్రశ్న. చిన్న కోత అనే ఒకే పేరు కింద పూర్తిగా వేరువేరు ఆపరేషన్లు అమ్ముడవుతున్నాయి.

మొదట జాగా చేయడం, అనగా డీకంప్రెషన్. పాత పద్ధతిలో పూస వెనక పలకను మొత్తం తీసేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఒక పక్క నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల కోతతో వెళ్ళి, మైక్రోస్కోపు కింద ఆ పక్క లిగమెంటు, కాస్త ఎముక తీసి, అక్కడినుంచే వాలుగా అవతలి పక్క కూడా శుభ్రం చేస్తారు. మధ్యనున్న ఎముక, కండరం నిలుస్తాయి. నార్వేలో ఇలాంటి మూడు పద్ధతులను, అనగా ఒక పక్క నుంచి రెండు వైపులా చేయడం, రెండు పక్కల నుంచి చేయడం, వెనకనున్న ముల్లు ఎముకను కోసి పక్కకు జరిపి చేయడం, 437 మంది మీద చీటీలు వేసినట్టు పంచి పోల్చారు. 2022లో ఫలితం వచ్చింది. రెండేళ్ళ తర్వాత రోగుల బాగోగుల్లో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక దారిని గొప్ప చేసి రెండో దారిని తీసిపారేసే డాక్టరు మాటను ఈ సంగతి పక్కన పెట్టి వినాలి.

ఎండోస్కోపు కూడా ఇదే పని. దారి మాత్రం వేరు. వేలి లావు కూడా లేని గొట్టం, దానిలోనే కెమెరా, పనిముట్టు, ఎడతెగకుండా పారే ఉప్పునీరు. దీన్ని నిలబెట్టిన కేంద్రాల్లో జర్మనీలోని హెర్నె ఒకటి. సెబాస్టియన్ రూట్టెన్, ఆయన సహచరులు అక్కడ మైక్రోస్కోపుతో పోల్చి చూశారు. నొప్పి, నడక విషయంలో ఫలితాలు సమానంగానే వచ్చాయి. కొరియాలో రెండు చిల్లుల పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది, ఒక చిల్లులో కెమెరా, మరొక చిల్లులో పనిముట్టు. దాని పోలికల్లోనూ ఏడాది తర్వాత చూస్తే సుమారు అదే కథ. మొదటి రోజుల్లో నడుము నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా పోవచ్చు, ఇవి నిజమైన లాభాలే. కానీ ఈ గొట్టంతో చెయ్యి తిరగడానికి చాలా కేసులు కావాలి. నాడులను చుట్టి ఉండే పలుచటి పొర చిరగడం ఈ ఆపరేషన్లన్నిటిలోనూ ఎప్పుడూ ఉండే ప్రమాదం. సన్న గొట్టంలోనుంచి దాన్ని కుట్టడం మైక్రోస్కోపు కింద కుట్టినంత సులువు కాదు. అందుచేత ఎండోస్కోపు కావాలా వద్దా అని కాక, ఈ డాక్టరు ఇరుకు జబ్బుకే, డిస్కుకు కాదు, ఎండోస్కోపుతో ఎన్ని చేశారు అని అడగాలి. కుట్టు లేదు అన్నది చర్మం సంగతి. లోపల మరతోనే ఎముకను అరగదీస్తారు. ప్రకటనల్లో లేజరు అనే మాట కనబడితే, ఎముకను దేనితో తీస్తారు అని ఒక్క ప్రశ్న వేసి చూడండి.

మైల్డ్ అనేది అమెరికాలో వాడుకలో ఉన్నది. ఎక్స్‌రేలో చూస్తూ సన్నటి గొట్టం ద్వారా లిగమెంటును కొద్దికొద్దిగా గిల్లి తీస్తారు. లిగమెంటు మందం వల్లనే ఇరుకు వచ్చినవారికే అది పనికొస్తుంది. 302 మంది మీద జరిగిన పోలికలో ఏడాది తర్వాత బాగుపడినవారు 58 శాతం, వెన్నులో స్టిరాయిడు ఇంజెక్షను తీసుకున్నవారిలో 27 శాతం. బాగానే ఉంది. కానీ పోల్చింది ఇంజెక్షనుతో, ఆపరేషనుతో కాదు. ఆ ఇంజెక్షనేమో ఈ జబ్బులో అంత గొప్పది కాదు. 400 మందిని పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితంలో, మత్తుమందుకు స్టిరాయిడు కలిపినందువల్ల ఆరు వారాల దగ్గర అదనంగా వచ్చిన లాభం దాదాపు లేదు. ఓడిపోయే పహిల్వానుతో కుస్తీ పెట్టి గెలిచానన్నట్టుంది. ఆడబిడ్డకు మాత్రం ఈ పోలిక నేను చెప్పానని చెప్పవద్దు.

ముల్లు ఎముకల మధ్య చిన్న దిమ్మ దూర్చి వెన్నును కాస్త వంచి ఉంచే స్పేసర్లు మరొక రకం. ఆలోచన ముచ్చటగా ఉంటుంది, పిల్లవాడి బండి పిడిని నడుములోనే పెట్టినట్టు. ఎక్స్-స్టాప్ అనేదానికి 2005లో అమెరికా అనుమతి దొరికింది, పదేళ్ళకు మార్కెట్టు నుంచి తీసేశారు. హాలండులో 159 మందిని రెండు జట్లుగా పంచి స్పేసరును మామూలు డీకంప్రెషన్‌తో పోల్చారు. నడకలో స్పేసరు మెరుగు కాలేదు సరిగదా, మళ్ళీ ఆపరేషను అవసరమైనవారు స్పేసరు జట్టులో 29 శాతం, రెండో జట్టులో 8 శాతం. 2013లో ఇది ప్రకటించారు. చిన్న ఆపరేషను రెండుసార్లు చేయించుకుంటే అది చిన్నదెట్లా అవుతుంది?

ఇక ఆ కుటుంబం ముందున్న పెద్ద ప్రశ్న, స్క్రూలు. పూసలను కలిపి బిగించడాన్ని ఇక్కడ ఫెర్‌ష్టైఫుంగ్ అంటారు. స్క్రూలు చిన్నచిన్న చిల్లుల్లోంచి వేసినంత మాత్రాన అది చిన్న ఆపరేషను కాదు. స్వీడనులో 247 మందిని, పూస జారినవారినీ జారనివారినీ కలిపి, సగం మందికి జాగా మాత్రమే చేసి, సగం మందికి స్క్రూలు కూడా వేశారు. 2016లో ప్రకటించారు. రెండేళ్ళకు తేడా లేదు. ఆసుపత్రిలో ఉన్నది మాత్రం స్క్రూలవారు సగటున 7.4 రోజులు, మిగిలినవారు 4.1 రోజులు. అదే వారం అదే పత్రికలో అమెరికానుంచి మరో పరిశోధన వచ్చింది. అది పూస జారినవారు 66 మంది మీద. అక్కడ స్క్రూలవారికి శారీరకమైన బాగు కొంచెం ఎక్కువ, మళ్ళీ ఆపరేషను అవసరమైనవారు 14 శాతం, స్క్రూలు లేనివారిలో 34 శాతం. ఇది దాచిపెట్టి రాస్తే తప్పవుతుంది. తర్వాత 2021లో నార్వేవారు పూస జారినవారినే 267 మందిని తీసుకుని చూశారు. రెండేళ్ళకు బాగుపడినవారు జాగా మాత్రమే చేసిన జట్టులో 71.4 శాతం, స్క్రూలు కూడా వేసిన జట్టులో 72.9 శాతం. మళ్ళీ ఆపరేషను 12.5, 9.1. నా తూకంలో, పూస జారలేదు అంటే స్క్రూలు వేయడానికి చాలా గట్టి కారణం కావాలి. జారినా, వంగినప్పుడు నిలబడినప్పుడు తీసిన ఎక్స్‌రేలలో అది బాగా కదలాడుతున్నదని చూపిస్తేనే స్క్రూల మాట ఎత్తాలి. ఈ ఎక్స్‌రేలు తీశారా అని ఉత్తరం రాసిన సోదరిని అడిగాను. తియ్యలేదట. పడుకోబెట్టి తీసిన ఎం.ఆర్.ఐ. ఒక్కటే ఉంది. దాని మీదనే రెండు పూసలు కలిపేద్దామన్నారు.

ఆపరేషనే తప్పనిసరా అంటే, అదీ కాదు. 2015లో అమెరికాలో 169 మందిని పంచి, కొందరికి ఆపరేషను, కొందరికి వ్యాయామ చికిత్స ఇస్తే రెండేళ్ళకు రెండు జట్ల శారీరక స్థితీ ఇంచుమించు ఒక్కటే. అయితే వ్యాయామపు జట్టులో సగానికి పైగా, 57 శాతం మంది, మధ్యలో ఆపరేషను వైపు మళ్ళారని కూడా చెప్పాలి. జబ్బు సాధారణంగా నెమ్మదైనది. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూచునే చోట స్పర్శ పోవడం, పాదం ఎత్తలేకపోవడం, ఇవి వస్తే మాత్రం వ్యవధి లేదు. అదే రోజు 112కు ఫోను చెయ్యాలి.

ఇప్పుడు నల్లగొండ. ఉత్తరంలో ఈ ఒక్కమాట చూసి నేను ఆగిపోయాను. ముగ్గురు డాక్టర్లలో ఎవరూ ఆవిడ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారని అడగలేదట. మన పక్క ఈ జబ్బు చరిత్ర ఫెర్బీస్ట్ కంటే ముందుది. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ఊళ్ళలో, బావి నీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిపడి మనుషులు కొయ్యల్లా బిగుసుకుపోవడాన్ని వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ సంగతి తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ళు దశాబ్దాలు తాగినవారిలో ఎముక చిక్కబడుతుంది, లిగమెంట్లే ఎముకగా మారుతాయి, సొరంగం లోపలినుంచి పూడుకొస్తుంది. ఫ్లోరోసిస్ నాడులను నొక్కే తీరు మీద హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టరు డి. రాజారెడ్డి గారు ఎన్నో ఏళ్ళు పనిచేసి రాశారు.

ఇది చిన్న కోత లెక్కను మార్చేస్తుంది. ఎముకగా మారిన లిగమెంటు నాడుల పొరకు అంటుకుపోయి ఉండవచ్చు. మెత్తటి లిగమెంటును గిల్లే పనిముట్టు అక్కడ చెల్లదు, పొర చిరిగే ప్రమాదం పెరుగుతుంది, సన్న గొట్టంలోంచి చేయడం కష్టమవుతుంది. మైల్డ్ మాట అసలే ఎత్తకూడదు. పైగా ఇలాంటివారిలో మెడ దగ్గరా, వీపు దగ్గరా కూడా ఇరుకు ఉండవచ్చు. అక్కడ నలిగేది నాడులు కాదు, వెన్నుపామే. నడుము ఒక్కటే చూసి ఆపరేషను చేస్తే నడక బాగుపడదు. ఆపరేషనుకు మత్తు ఇచ్చేటప్పుడు బిగుసుకున్న మెడను వెనక్కి వంచవలసి వస్తే అదొక గండం. చేతివేళ్ళు మొద్దుబారడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, కాళ్ళు బిర్రబిగిసి తూలడం, ఇవి ఉన్నాయా అని ఇంటివారే గమనించి చెప్పాలి. ఎముకగా మారినది ఎం.ఆర్.ఐ.లో సరిగ్గా తేలదు, సి.టి. స్కాను కావాలి. జర్మను డాక్టరుకు ఫ్లోరోసిస్ పుస్తకాల్లో చదివిన మాటే తప్ప చూసిన జబ్బు కాకపోవచ్చు. అది ఆయన తప్పు కాదు. చెప్పవలసినది మనం. మీ అమ్మానాన్నలూ అత్తమామలూ పెరిగిన ఊరు నల్లగొండ గానీ, కనిగిరి గానీ అయితే ఆ ఊరి పేరును రోగచరిత్రలో రాయించండి.

ఎక్కడ చేయించాలి అన్నదీ అడిగారు. విజిటింగ్ వీసాకు తీసుకునే ఇన్స్యూరెన్సు, ఆ 30,000 యూరోలది, అకస్మాత్తుగా వచ్చే ప్రమాదాలకు ఉద్దేశించినది. పాత జబ్బుకు ముందుగా తేదీ పెట్టుకుని చేయించే ఆపరేషనుకు అది సాధారణంగా పనికిరాదు. పాలసీ చదివి, కంపెనీ చేత కాగితం మీద రాయించుకోకుండా ఆసుపత్రిలో చేర్చవద్దు. కనుక ఈ అత్తగారి ఆపరేషను, చేస్తే, హైదరాబాదులోనే. ఫ్లోరోసిస్ చూసిన చేతులు అక్కడే ఎక్కువ గనుక ఇందులో నష్టమేమీ లేదు.

ఇక్కడే ఉద్యోగాలు చేసి అరవైల్లో పడుతున్న మన సభ్యుల సంగతి వేరు. జర్మనీలో వెన్ను ఆపరేషన్లు 2007లో 4,52,000 ఉంటే 2015 నాటికి 7,72,000 అయ్యాయి. జనం వెన్నులు ఎనిమిదేళ్ళలో అంతగా పాడయ్యాయని ఎవరూ నమ్మరు. ఈ హడావుడి చూసే 2021 నవంబరు నుంచి వెన్ను ఆపరేషన్లకు కూడా రెండో అభిప్రాయం, అదే త్స్వైట్‌మైనుంగ్, హక్కుగా ఇచ్చారు. ప్రభుత్వపు ఆరోగ్య బీమాలో ఉన్నవారికి ఖర్చు లేదు. ఆపరేషను చెప్పిన డాక్టరు కనీసం పది రోజుల ముందు ఈ హక్కు గురించి మీకు చెప్పి తీరాలి, రిపోర్టుల నకళ్ళు ఇవ్వాలి. రెండో అభిప్రాయం ఇచ్చే డాక్టరు ఆ ఆపరేషను తాను చేయకూడదు. ఆ డాక్టర్ల చిరునామాలు 116117 దగ్గర దొరుకుతాయి. ప్రైవేటు బీమావారు తమ కంపెనీని అడగాలి. డాక్టరు నొచ్చుకుంటారేమోనని మనవాళ్ళు మొహమాటపడతారు. ఇక్కడి డాక్టర్లకు ఇది రోజూ జరిగే వ్యవహారం, నొచ్చుకోరు.

ఏ దేశంలో అడిగినా ప్రశ్నలు ఇవే. ఎన్ని పూసల మధ్య జాగా చేస్తారు, ఆ పూసలే కాలి నొప్పికి కారణమని దేనివల్ల అనుకుంటున్నారు? పూస కదులుతోందా, ఎలా చూశారు? స్క్రూలు వెయ్యకపోతే ఏమవుతుంది? పొర చిరిగితే ఏం చేస్తారు? ఇంకొకటి ముందే మనసులో పెట్టుకోవాలి. ఈ ఆపరేషను కాళ్ళ బాధకు, నడకకు. నడుం నొప్పి ఒక్కటే తీసుకుపోయేవారికి అది అంతగా తగ్గదు, తర్వాత డాక్టరును తిట్టుకుంటారు.

ఆ సోదరి మళ్ళీ రాశారు. వంచి, నిలబెట్టి ఎక్స్‌రేలు తీయించారు, పూస కదలడం లేదు. మెడకు, నడుముకు సి.టి. స్కాను హైదరాబాదు వెళ్ళాక తీయిస్తారు, తేదీ తీసుకున్నారు. ఈలోగా అత్తగారికి నాలుగు చక్రాల నడకబండి ఒకటి, ఇక్కడ రొల్లాటర్ అంటారు, కొన్నారు. దానికి ముందు బుట్ట, కూచోవడానికి పలక ఉంటాయి. ఆవిడ మాత్రం ముసలివాళ్ళు తోసుకునేది నాకెందుకని దాన్ని ముట్టుకోవడం లేదట. మనుమడు బడికి పోయినా సరే, ఖాళీ పిల్లబండే తోసుకుంటూ స్టేషను దాకా పోయి వస్తున్నారట.